ఈలకు పైకొచ్చిన చేపలు

నవంబరు 9, శనివారం

కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణం వాడు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ నా భార్య నీరజ దీని మీద పప్పు గిన్నె దించుతోంది. అట్ట మీద గుండ్రంగా మసి మచ్చ పడింది. ఏడో తరగతితో బడి మానేశాక నేను రాసిందల్లా సంతకమే. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేను నోరు తెరిస్తే నవ్వాలని ఈ ఊరికి అలవాటు చేసింది నేనే. కాగితానికి ఆ అలవాటు లేదు.

తెల్లారుతుండగా చెల్లె అండాలు చేపల గుంటకు పోయాను. నీళ్ల మీద ఎక్కడ చూసినా మూతులే. బొచ్చెలు, రవ్వలు, అన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అండాలు తౌడు గంప చంకన పెట్టుకుని గట్టు మీదే నిలబడిపోయింది.

"అన్నా, గివేంది గిట్ల జేస్తున్నయి?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు రాదు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను.

"నేనే నేర్పిన. హాజరు చెప్పుమంటే చెప్తున్నయి. అగో, ఆ మూలకు బొచ్చె చూడు, లేటుగొచ్చింది. దాంతోని గుంజీలు తీయియ్యాలె."

అండాలు నవ్వింది. బావ పోయాక పళ్లు కనబడేలా నవ్వడం ఇదే మొదలు. నాకు గర్వంగా అనిపించింది. అదొక్కటే రాసి ఆపేద్దామనుకున్నాను.

నవంబరు 10

ఊరు సగం గట్టు మీదే ఉంది. నిన్న నేనే అందరికీ చెప్పాను, పొద్దున్నే వస్తే సంజీవ చేపలు సలాం కొడతాయని. కిరాణా దుకాణం రుక్మిణమ్మ అవ్వ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఏం సంజీవా, చేపలకు సదువు చెప్తున్నవట. నువ్వే సగంల ఇడిసిపెడ్తివి గదరా!"

"అందుకే గదవ్వా, నోరు తెరుసుడు దాక నేర్పిన. మాటలు నాకు రావు."

అవ్వ కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వింది. నేను ఈల వేసినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎండ ఎక్కేసరికి చేపలు కిందికి పోయాయి. బడి వదిలాను అన్నాను.

నవంబరు 13, బుధవారం

తండా నుంచి ప్రేమ్‌సింగ్ వచ్చాడు. పాల క్యాను బండి మీదే ఉంచి గట్టు దిగాడు. ఆయన చాలా ఏండ్లుగా కుంటలో చేపలు పెంచుతున్నాడు. దంతాలపల్లి వైపు ఎవరికి చేపలు పాడైనా ఆయన్నే పిలుస్తారు. ఈసారి మాత్రం ఎవరూ పిలవలేదు, నా తమాషా చూద్దామనే వచ్చాడు.

నవ్వలేదు. దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూశాడు.

"సంజీవన్నా, ఈల ఎయ్యకుంటే రావా ఇవి?"

"నా ఈల లేకుంటే వాటికి పొద్దే పొడవదు."

"గాలి అందుతలేదే వాటికి. నీళ్లల్ల గాలి తక్కువైతే గిట్లనే పైకొచ్చి మింగుతయి. అక్కా, ఎన్ని పిల్లలు ఏసినవే?"

అండాలు చెప్పింది. తాను వేసినన్నీ సరిగ్గా చెప్పింది. ప్రేమ్‌సింగ్ నీళ్ల వంక చూశాడు, అండాలు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు.

"గన్నే ఏస్తే గిట్ల కావద్దు," అన్నాడు.

గట్టు మీద పది మంది ఉన్నారు. నేను గట్టిగా అన్నాను, "అగో, నీ కన్ను పడ్డది! మంచిగున్న చేపలకు దిష్టి పెట్టినవ్. ఇగ పోయి నీ పాలు పోసుకో."

అందరూ నవ్వారు. ఆయన బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

నవంబరు 14

ఈ రోజు ఈల వేయలేదు. అయినా పైకొచ్చాయి.

నవంబరు 15

రాయడానికే కూర్చున్నాను కాబట్టి రాయాలి.

బావ పోయాక అండాలుకు మిగిలింది ఆ ఊట చెలక ఒక్కటే. నీళ్లు నిలబడి వరి కుళ్లిపోయేది. చేపల గుంట తవ్వుదామని నేనే ఎగదోశాను. చెరువులు నిండి మత్తళ్లు దుంకే వానల్లో చేప పిల్లలు తెచ్చాం. గట్టు మీద కొబ్బరికాయ కొట్టాక మొదటి సంచి ఎవరు విప్పాలని అడిగారు. మా దిక్కు విత్తనమైనా, నారైనా, చేప పిల్లలైనా, మొదట వేసేవాళ్ల చెయ్యి మంచిదై ఉండాలంటారు. నేను అండాలును పిలిచాను.

"బొట్టు లేని దాని చేతితోని మొదలు పెట్టిస్తవారా?" అంది రుక్మిణమ్మ అవ్వ.

"చేపలు చెయ్యి చూస్తయా అవ్వా? అవేమన్న సోది చెప్తయా?" అన్నాను. అందరూ నవ్వారు, పని జరిగిపోయింది. అండాలు సంచులు విప్పకుండా ముందు నీళ్లలో తేలేసింది. తర్వాత కొంచెం కొంచెంగా గుంట నీళ్లు సంచిలోకి పోసింది, పసిపిల్లకు నీళ్లు అలవాటు చేసినట్టు. అప్పుడు వదిలింది. ఆ రోజు నా అంత మంచివాడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

కొన్నాళ్లకు అండాలు బావ సంవత్సరీకానికి కాళేశ్వరం పోయింది. ఆ రోజే తరిగొప్పులలో తెలిసినాయన గుంట ఖాళీ చేస్తున్నాడని విన్నాను. ఆయన దగ్గర మిగిలిన పిల్లలన్నీ డ్రమ్ముల్లో పోయించుకుని ట్రాలీ ఆటోలో తెచ్చాను. తేలేయడం, అలవాటు చేయడం ఏమీ లేదు. డ్రమ్ములు వంచాను. అండాలు వేసినన్ని మళ్లీ, ఇంకా కొంచెం పైన.

చెప్పలేదు. వల లాగినప్పుడు అండాలు మొహం చూడాలనుకున్నాను. వల బరువుకు మనుషులు వంగిపోవాలి, నేను ఊరి ముందు "చూసిండ్రా మా చెల్లె చెయ్యి!" అనాలి. అదీ తమాషా.

నారు ఒత్తుగా నాటితే దోమ పడుతుందని నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. చేపల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైంది? గట్టు మీద నుంచి చూస్తే నీళ్లెప్పుడూ ఖాళీగానే కనబడతాయి.

నవంబరు 18, సోమవారం

అండాలు విసురు వల వేయించి చూసింది. ఇప్పటికి అరచేతికి మించాల్సిన రవ్వలు వేలెడంతే ఉన్నాయి. నాలుగైదు మాత్రం బాగా పెరిగాయి, మిగతావాటి మేతంతా అవే తిన్నట్టున్నాయి. రెక్కల అంచులు చీలికలు. ఒంటి మీద ఎర్రటి పుండ్లు. తోక దగ్గర పేన్లు, చింతగింజ పొట్టులా అతుక్కుని ఉన్నాయి.

అండాలు ఒక్కొక్క పేనునూ గోటితో తీసింది. తీసిన చేపను మళ్లీ నీళ్లలో వదిలింది. అన్ని వేల చేపలకూ అలాగే తీస్తుందేమో అన్నట్టు కూర్చుంది.

"మేత తక్కువేస్తున్ననేమో అన్నా."

"చలికాలం గదా, గట్లనే ఉంటయి," అన్నాను.

మేత పెంచింది. ఈ పూట తాను తినే అన్నం కూడా అందులో కలిపిందని నీరజ చెప్పింది. తినని మేత అడుగున పడి కుళ్లుతోంది. నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి.

నవంబరు 20

సున్నం చల్లాం. తగ్గింది.

నవంబరు 21

తగ్గినట్టే ఉంది. పొద్దున నేను గుంటకు పోలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను.

నవంబరు 24, ఆదివారం

యాసంగి నారు పోసే రోజు. మా మడిలో మొదటి పిడికెడు ఎప్పుడూ అండాలే చల్లుతుంది, మా నాయిన ఉన్నప్పటి నుంచీ. నీరజ మొలకెత్తిన వడ్లు గంపలో తెచ్చి ముందు పెట్టింది.

అండాలు రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"నాకొద్దు వదినా. మీ పంట సుత పాడైతది."

"ఏంది నువ్వనేది?"

"అవ్వ ఆనాడే అన్నది. నేను ఇనకపోతి. బాయికాడికి పోతే ఆడోళ్లు నా చేతులే చూస్తున్నరు. యాసంగి కాంగనే గుంట పూడిపిస్త. నేను హైదరాబాద్ పోయి యాడనన్న అంట్లు తోముకుంట. అంట్లకు చెయ్యి మంచిది ఉండాలని ఎవ్వలు అడగరు గదా."

నీరజ నా వంక చూసింది. ఏదో ఒకటి అని నవ్వించు అన్నట్టు చూసింది. నేను మడిలోకి దిగి చల్లాను. ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడింది.

నవంబరు 25

చెప్పాను.

అండాలు ఇంటి ముందు చేపల మేతకు పల్లిచెక్క నానబెడుతోంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే వేరే మాట వస్తుంది.

"అండాలూ, నీ చెయ్యికి ఏం కాలే. నువ్వు కాళేశ్వరం పోయిన్నాడు నేను ఇంకిన్ని పిల్లలు తెచ్చి ఏసిన. నీకు చెప్పలే. ఇరుకైంది. అందుకే గిట్లైతున్నయి."

నా మొహంలోకి చూసింది.

"ఎన్ని ఏసినవేందే?"

"నువ్వేసినన్ని. ఇంక పైన."

"యాడికెల్లి తెచ్చినవ్?"

"తరిగొప్పుల."

"మొసలిని గిట్ల ఏసినవా అండ్ల?" అంది. అని నవ్వింది. కళ్లలో నీళ్లున్నాయి. "నన్ను నవ్వియ్యాలంటే నువ్వు దేనికైన ఒడిగడ్తవ్ అన్నా. చిన్నప్పుడు నేను నీళ్ల కుండ పలగ్గొడితే, నేనే పలగ్గొట్టిన అని నాయినతోని దెబ్బలు తినలేదా నువ్వు? గిదీ గంతే. నా మీదిది నీ మీద ఏసుకుంటున్నవ్."

నిజమని ఇంకోసారి చెప్పాలి. ఒట్టు పెట్టాలి. ఆటో డ్రైవరును పిలిపించాలి. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అక్కడ నేను తలూపాను. వెర్రినవ్వు ఒకటి నవ్వి తలూపాను.

చాయ్ తాగి పొమ్మంది. తాగాను.

నవంబరు 26

నమ్మించలేకపోయాను అని నిన్న రాయాల్సింది. అది కూడా అబద్ధమే అయ్యేది. నమ్మకపోయేసరికి ప్రాణం తేలికైంది.

డిసెంబరు 1, ఆదివారం

రెండు రోజులుగా మొగులు. ఎండ పొడ లేదు. ఇంకా మసకగా ఉండగానే అండాలు ఫోను చేసింది. ఊపిరి చప్పుడే వినబడింది.

పోయేసరికి గుంట ఒడ్డంతా తెల్లగా ఉంది. పొట్టలు. మిగిలినవి ఒకదాని మీద ఒకటి ఎగబడి నోళ్లు తెరుస్తున్నాయి. మోటరు నీళ్లు పడే చోట నల్లగా గుంపు కట్టాయి.

ప్రేమ్‌సింగ్‌కు ఫోను చేశాను. ఎందుకొస్తాడనుకున్నాను. తండా నుంచి నలుగురు మనుషులతో, పెద్ద వలతో వచ్చాడు. దిగగానే నాతో మాట్లాడకుండా పని చెప్పాడు.

"మోటరు పైపు పైకి ఎత్తి కట్టుండ్రి, నీళ్లు ఎగిరి పడాలె. మేత బంద్ చెయ్యక్కా. సగం చేపలు బయటికి తీసెయ్యాలె. బతికినయి నా కుంటల ఏస్కుందాం, అది ఖాళీగనే ఉన్నది."

వల దింపారు. లాగడం మొదలుపెట్టారు. సగానికి రాకముందే మనుషులు ఆగిపోయారు. వల వాళ్ల చేతుల్లో కోసుకుపోతోంది. నేను కోరుకున్నట్టే అందరూ బరువుకు వంగిపోయారు. ఎవరూ అరవలేదు. వల ఒడ్డుకొచ్చేసరికి అందులో నీళ్ల కంటే చేపలే ఎక్కువున్నాయి. అన్నిటికీ తలకాయ పెద్దది, ఒళ్లు సన్నది.

గట్టు మీద రుక్మిణమ్మ అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. "నేను ఆనాడే అన్న బిడ్డా. ఆ చెయ్యి వద్దని ఆనాడే అన్న."

అండాలు కొంగు కింద చేతులు దాచుకుంది.

"చెయ్యి కాదు!" అన్నాను. అరిచాను. "నేనేసిన! చెల్లె కాళేశ్వరం పోయిన్నాడు తరిగొప్పుల కెల్లి డ్రమ్ములు డ్రమ్ములు తెచ్చి నేనే ఏసిన!"

ఎవరో నవ్వారు. ఇంకెవరో "జర ఇప్పుడన్న ఊకోరాదే సంజీవన్నా" అన్నారు. దానికి ఇంకా నలుగురు నవ్వారు.

అండాలు నవ్వలేదు. చీర తడుస్తున్నా నీళ్లలోకి దిగింది. వల అంచు పట్టుకుని లోపలికి చూసింది. చేత్తో కలిపి చూసింది, బియ్యంలో రాళ్లు చూసినట్టు.

"ఇవి నావి ఇన్ని లెవ్వు," అంది. తర్వాత తలెత్తింది. "మీ బావ సంవత్సరీకం నాడా?"

"ఔ."

"ఇండ్ల నేనేసినయి ఏవి? నువ్వేసినయి ఏవి?"

నేను వలలోకి చూశాను. అన్నీ ఒకలాగే నోళ్లు తెరుస్తున్నాయి.

"ఇన్ని దినాల సంది నా చేతులు నేను చూసుకుంట ఏడుస్తుంటే, నువ్వు ఈలలు ఏసినవ్."

గట్టు మీద నవ్వు ఆగింది.

డిసెంబరు 2

బతికిన సగం ప్రేమ్‌సింగ్ కుంటకు చేరాయి. చచ్చినవాటిని గోతి తీసి సున్నం వేసి పూడ్చాం. అండాలు నాతో ఆ గోతి దగ్గర మాట్లాడింది.

"ఇంటింటికి పోయి చెప్పిరా. నవ్వకుంట చెప్పు. ఆళ్లు నవ్వితే మళ్ల చెప్పు."

కుంట దగ్గర ప్రేమ్‌సింగ్‌తో అన్నాను, ఆ రోజు నీ కన్ను పడ్డదని అన్నందుకు తప్పయిందని.

"నాకు కన్ను లేదన్నా. ముక్కుంది. వాసన జూసిన, గంతే," అన్నాడు. పాల క్యాను కడుగుతూ అన్నాడు. నా వైపు తిరగలేదు.

డిసెంబరు 4, బుధవారం

ఇంటింటికీ తిరగడం ఎంత కష్టమో వోట్లడిగేవాళ్లకు కూడా తెలియదు. నన్ను చూడగానే మంచం వాల్చి, "ఏందిరా కొత్త ముచ్చట?" అంటారు. నేను చెప్తాను. తొడ చరిచి నవ్వుతారు. మళ్లీ చెప్తాను. రెండోసారికి నవ్వు సగం అవుతుంది. మూడోసారికి ఆడవాళ్లు లేచి లోపలికి పోతారు. మగవాళ్లు బీడీ వెతుక్కుంటారు.

రుక్మిణమ్మ అవ్వ దుకాణం ముందు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి చక్కెర పొట్లం కడుతున్న చెయ్యి ఆపింది.

"అయితే ఆమె చెయ్యికి ఏం కాలేదంటవ్."

"ఏం కాలేదవ్వా."

"మరింక నీ చెయ్యే మంచిది గాదన్నట్టు."

నేను చెప్పాలనుకున్నది అది కాదు. చేతిది ఏమీ లేదు, చేపలు ఎక్కువయ్యాయి, గాలి చాలలేదు. ఇదంతా చెప్పడానికి చాలాసేపు పడుతుంది. ఆమె అన్నది ఒక్క ముక్క, ఊరికి వెంటనే ఎక్కుతుంది.

"ఔనవ్వా. నా చెయ్యే మంచిది గాదు," అన్నాను.

మిగతా ఇళ్లలో అదే చెప్పాను. ఎక్కడా ఎవరూ నవ్వలేదు. ఎక్కడా రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

డిసెంబరు 6

పక్క మడి ఆయన వడ్ల బస్తా దించుతుంటే చెయ్యి వేయబోయాను. "ఉండన్నా, నేను దించుకుంట," అని బస్తా అటు జరిపాడు. మర్యాదగానే జరిపాడు. శిక్ష పడింది, మంచిదే అనుకున్నాను. ఇంటికొచ్చే దారంతా నేనేదో త్యాగం చేసినట్టు నడిచాను.

ఇంటి ముందు అండాలు నిలబడి ఉంది. నీరజ పక్కన బిందె పెట్టుకుని కూర్చుంది, మొహం చూస్తే అంతా విన్నట్టుంది.

"నీ చెయ్యి మంచిది కాదని చెప్పి వచ్చినవట."

"నీ మీదికెల్లి పోయింది గదా అండాలూ. ఇగ నిన్ను ఎవ్వలు ఏమనరు."

"యాడికి పోయింది? ఇయ్యాల నా మీదికెల్లి తీసి నీ మీద ఏసుకున్నవ్. రేపు ఇంకెవ్వతి మొగుడు సచ్చినా మళ్ల దాని చేతుల మీద ఏస్తరు. చేపలు చెయ్యి చూస్తయా అని ఆనాడు ఎందుకన్నవే మరి? నవ్వియ్యనీకెనా?"

నేను తలొంచుకున్నాను. ఆ రోజు కూడా నవ్వించడానికే అన్నానేమో. ఇప్పుడు తెలియడం లేదు.

"నేను ఆ మాట నమ్మిన," అంది అండాలు. "నువ్వన్నవని నమ్మిన. గందుకే నా చేతులతోని ఏసిన." కొంగు తీసి నడుముకు చెక్కుకుంది. "అల్కటి మాట దొరికింది, సులువుగ పట్టుకున్నవ్. గిది సుత నీ తమాషానే. మళ్ల పో. ఎక్కువేసిన, ఇరుకైంది, గాలి ఆడక సచ్చినయి అని చెప్పు. చెయ్యి అనే మాట నీ నోట్ల రావద్దు."

పోయేటప్పుడు నీరజతో మాట్లాడింది. నాతో కాదు.

నీరజ బిందె ఎత్తుకుంటూ, "మందల మేక తప్పిపోతే గుడిసె గుడిసె తిరిగినట్టు తిరుగు ఇగ," అంది. అది తిట్టో, ధైర్యమో అర్థం కాలేదు.

డిసెంబరు 7, శనివారం

మొదట రుక్మిణమ్మ అవ్వ దగ్గరికే పోయాను. అక్కడ అయితేనే మిగతా చోట్ల అవుతుంది. దుకాణం అప్పుడే తెరుస్తోంది. తలుపు చెక్కలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది.

"మళ్ల ఏందిరా?"

"మొన్న చెప్పింది తప్పు చెప్పిన అవ్వా."

"ఏది తప్పు? నువ్వు ఏసింది తప్పా?"

"ఏసింది నిజమే. చెయ్యి అన్నది తప్పు. నాది కాదు, చెల్లెది కాదు. చెయ్యే లేదు."

అవ్వ చాలాసేపు నా మొహం చూసింది, నవ్వు ఎక్కడ మొదలవుతుందా అని చూసినట్టుంది. బొట్టు లేని నుదురు ఆమెది కూడా అని నాకు ఇన్నేళ్లలో ఇప్పుడే కనబడింది. ఆమె భర్త పోయి ఎన్నేళ్లయిందో. ఆ తర్వాత ఏ ఇంట్లో, ఏ మడిలో ఈమెను మొదట చెయ్యి పెట్టమని ఎవరూ పిలిచినట్టు గుర్తు లేదు. నేనూ పిలవలేదు.

"చెయ్యే లేదా?" అంది. చెక్క పట్టుకున్న తన చేతి వంక చూసుకుంది.

"లేదవ్వా. గాలి చాలలే."

ఆఖరి చెక్కను గోడకు ఆనించింది. లోపలి నుంచి పీట తెచ్చి వేసింది.

"కూసో," అంది. "మొదటి సంది చెప్పు."